వెన్ను తట్టే పథకం

ఇకమీదట దేశంలోని ఏ జైల్లోనూ, ఏ సెల్లులోనూ అక్రమ రవాణా అన్న మాట వినబడదనీ, దాన్ని నడిపిస్తున్న చిన్నవాళ్ళను వేళ్ళతో సహా పెకలించి పారేస్తామనీ, ఇది తమ సొంత మాట కాదు, సాక్షాత్తూ సైన్సు చెప్పిన మాట అనీ జైళ్ళ శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటిస్తూ బల్ల గుద్దారు. బల్ల మీది మైకులన్నీ ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి. ఈ మంత్రిగారు బల్ల గుద్దితే ఊరికే పోదు. సాయంత్రానికల్లా అది ఒక కమిటీ అవుతుంది.

విలేకరుల వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఒకాయనకి మాత్రం ఆ గుద్దు కడుపులో తగిలింది. ఆయన జైళ్ళ శాఖలో అనువాదకుడు. ఆఫీసంతా ఆయన్ని తర్జుమా అనే పిలుస్తుంది. అసలు పేరు ఆయన భార్యకి కూడా కాస్త ఆలోచిస్తే గాని గుర్తు రాదు. మంత్రిగారు చెప్పిన ఆ సైన్సు ఏమిటో, అది జైళ్ళ శాఖలోకి ఏ దారిన వచ్చిందో తెలిసిన మనిషి ఆ హాలు మొత్తానికి ఆయనొక్కడే.

ఆ దారి చెప్పాలంటే ముందు తపాలా సెక్షన్ గొప్పతనం చెప్పుకోవాలి. వచ్చిన కాగితాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివే దురలవాటు ఆ సెక్షన్లో ఎవరికీ లేదు. ఒక్క మాట చూస్తారు, శాఖ తేల్చేస్తారు. కంప్యూటర్ల నెట్‌వర్క్ పాడైందన్న ఫిర్యాదు ‘నెట్’ చూసి మత్స్యశాఖకి వెళ్ళింది. సమస్యల్ని రూట్స్ నుంచి పరిష్కరించాలని మేధావులు పెట్టుకున్న విజ్ఞప్తి వ్యవసాయ శాఖకి వెళ్ళి, అక్కడ ఎరువులతో సహా మంజూరైంది. అదే పద్ధతిలో, ఊరి చివర ప్రయోగశాలలో పనిచేసే ఒక సైంటిస్టు దరఖాస్తు ‘సెల్స్’ అన్న మాట చూసి జైళ్ళ శాఖకి వచ్చింది.

ఆ సైంటిస్టు తర్జుమాకి వదినగారు. ఆయన భార్యకి సొంత అక్క.

వదినగారి పని చెప్పుకుంటే చిన్నదే. మన ఒంట్లో ప్రతి కణం లోపలా పగలూ రాత్రీ సరుకు రవాణా సాగుతూ ఉంటుంది. ఏ సరుకు ఎటు పోవాలో, పాతబడ్డది ఎప్పుడు ముక్కలైపోవాలో తేల్చేవి కొన్ని బుల్లి ప్రోటీన్లు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ ఆవిడ ఆ బుల్లివాటి వెంట పడింది. పిల్లల్లా పెంచుకొచ్చిన కణాలన్నీ ఒక పెద్ద ఫ్రీజర్లో ఉన్నాయి. కరెంటు పోతే ఒక్క పూటలో అవన్నీ కరిగి చచ్చిపోతాయి. నెలాఖరుకి కరెంటు తీసేస్తామని ప్రయోగశాల పెద్దలు చెప్పేశారు. ఏదో ఒక శాఖ నుంచి మంజూరు వస్తే తప్ప ఆ ఫ్రీజర్ బతకదు. ఫ్రీజర్ పోతే వదినగారి బతుకులో మిగిలేది తెల్లజుట్టే.

“మా అక్క కాగితం ఒక్కటి కదిలించలేనివారు, రోజంతా ఆ ఆఫీసులో ఏం చేస్తుంటారండీ?” అని భార్య కంచం ముందు కూర్చోబెట్టి అడిగింది.

“అనువాదాలు చేస్తుంటాను.”

“అయితే ఒకటి మంచిది చెయ్యండి.”

మంత్రిగారి దగ్గరికి ఏ ఇంగ్లీషు కాగితం వెళ్ళినా తెలుగులో ఒకే ఒక్క వాక్యంగా వెళ్ళాలి. రెండో వాక్యం చదివే తీరిక ఆయనకి లేదు. తర్జుమా వదినగారి దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాడు. సెల్స్ లోపలి ట్రాఫికింగ్, డిగ్రడేషన్, వాటిని అదుపుచేసే చిన్న ప్రోటీన్లు అన్నది సారాంశం. ఉన్నదున్నట్టు కణాలనీ మాంసకృత్తులనీ రాస్తే మంత్రిగారు మాంసం దగ్గర ఆగి, పశుసంవర్ధక శాఖకి పంపిస్తారు. సైన్సు శాఖకి తిప్పి పంపుదామంటే, అదుపుచెయ్యడం గురించి ఉంది కనక పోలీసులు చూసుకోవాలని వాళ్ళు ఇదివరకే ఒకసారి వదిలించుకున్నారు. ఆఖరికి నిఘంటువే దారి చూపించింది. ట్రాఫికింగ్ అంటే అక్రమ రవాణా అని అందులో ఉంది. డిగ్రడేషన్ అంటే దిగజారుడు అని ఉంది. సెల్లుని సెల్లుగానే ఉంచాడు. ప్రోటీన్ల దగ్గర కాసేపు కలం నమిలి, ఆ మాట మింగేశాడు.

‘సెల్లుల లోపల అక్రమ రవాణా, దిగజారుడు, వాటిని నడిపించే చిన్నవాళ్ళ పాత్ర గురించి ఒక విదుషీమణి చేస్తున్న దీర్ఘ పరిశోధనకు మంజూరు కోరడమైనది.’

చదువుకుంటే ఆయనకే ముచ్చటేసింది. ఒక్కటంటే ఒక్క అబద్ధం లేదు. మంత్రిగారు ఎలాగూ చదవరు, సంతకం పెట్టేస్తారు, ఫ్రీజర్ గట్టెక్కుతుంది అని ధీమాగా ఉన్నాడు. ఖర్మ కాలి ఆ పూట లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఇరుక్కున్న మంత్రిగారు, చేతిలో ఇంకో కాగితం లేక, చదివేశారు.

బల్ల గుద్దుడు అలా జరిగింది. మర్నాడు వదినగారికి కబురెళ్ళింది.

మంత్రిగారి గదిలో మెత్తటి కుర్చీ వేసి ఆవిణ్ణి కూర్చోబెట్టారు. మంత్రిగారి వెనక పీయే నిలబడ్డాడు. మాటల్లో ఇంగ్లీషు వస్తే విప్పి చెప్పడానికని తర్జుమాని పక్కన కూర్చోబెట్టారు.

“ఎన్నాళ్ళ నుంచమ్మా గమనిస్తున్నారు?” అన్నారు మంత్రిగారు.

“చదువైపోయినప్పటి నుంచీనండి.”

“లోపలికి ఎలా వెళ్ళగలిగారు?”

“వెళ్ళక్కర్లేదండి. పైనుంచి లైటు వేసి చూస్తే అన్నీ కనబడతాయి.”

“వాళ్ళకి తెలీదూ?”

“వాటికేం తెలుస్తుందండీ, బుల్లివి. వాటి పని అవి చేసుకుపోతుంటాయి.”

ఇంత చదువుకున్నావిడ చిన్న ఉద్యోగుల్ని ‘అవి’, ‘వాటికి’ అనడం మంత్రిగారికి ఎంతో నచ్చింది. తను ఎన్నాళ్ళుగానో మనసులో అనుకుంటున్న వ్యాకరణం అది. పైకి అనే ధైర్యం ఇప్పుడొచ్చింది.

“అయితే సరుకు ఎలా పోతుందంటారు?”

“చిన్న చిన్న సంచుల్లోనండి. బుల్లిది వచ్చి సంచిని పట్టుకుంటేనే అది కదులుతుంది. వదిలేస్తే ఎక్కడిదక్కడే.”

“మరి పెద్దవి ఏం చేస్తున్నట్టు?”

“పెద్దవాటికి దారి తెలీదండి. బుల్లివి ఎటు తోలితే అటే పోతాయి.”

మంత్రిగారు మెల్లిగా మెడ తిప్పి పీయే వైపు చూశారు. పీయే ఫ్యాన్ వైపు చూశాడు.

“ఈ రవాణా మొత్తం ఆపేస్తే?”

“అమ్మో, ఆపకూడదండీ. రవాణా ఆగితే సెల్లే చచ్చిపోతుంది.”

“మా జైలు సూపరింటెండెంటూ ఇదే అంటాడు” అన్నారు మంత్రిగారు ఆలోచనగా. “సరే, పనికిరానివాటి సంగతేమిటి?”

వదినగారి మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఆవిణ్ణి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. “వాటి మీద ఒక బుల్లి గుర్తు అంటుకుంటుందండి. ఒక్కటి అంటుకుంటే చోటు మారుతుంది.”

“బదిలీ.”

“అలాగే అనుకోండి. గుర్తు మీద గుర్తు పడి గొలుసు కట్టిందనుకోండి, ఇక నేరుగా పీపాలాంటి ఒక గదిలోకి పోవడమే. అందులో ముక్కలు ముక్కలైపోతుంది. ఆ ముక్కలతో కొత్తవి తయారవుతాయి. ఏదీ వృథా పోదు.”

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. “ఇన్నేళ్ళ రాజకీయంలో ఇంత చక్కగా చెప్పినవాళ్ళు లేరమ్మా” అన్నారు. ఆ గొంతులో నిజంగానే తడి ఉంది.

బయటికొచ్చాక వదినగారు వరండాలో ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మరిదిగారూ, మీ రుణం తీర్చుకోలేను. నా పని అర్థం చేసుకున్న మనిషిని ఇన్నాళ్ళకి చూశాను. ఎంత సూటిగా అడిగాడండీ ప్రశ్నలు” అంది. నిజం చెప్పేద్దామని తర్జుమా నోరు తెరిచాడు. కళ్ళముందు ఫ్రీజర్ కనబడింది. “పదండి, బస్సు వెళ్ళిపోతుంది” అన్నాడు.

ఆ తరవాత జరిగింది చూస్తే ప్రభుత్వం మీద గౌరవం పెరగక మానదు. సైన్సు చెప్పినట్టే చిన్న సంచులు వెతికారు. పెద్ద జైలు గేటు దగ్గర సబ్బుల సంచులు విప్పితే, సబ్బుల మధ్య ఫోన్లు దొరికాయి. ‘సెల్లుల్లో సెల్లులు’ అని పత్రికలు పెద్దక్షరాలతో వేశాయి. పక్కన వదినగారి ఫోటో, కింద ‘జైలు సైంటిస్టు’ అని వేశారు. ఆవిడ అది అచ్చుతప్పు అనుకుని నవ్వుకుంది. ప్రయోగశాల ముందు పోలీసు కాపలా పెట్టారు. దర్యాప్తు ముగిసేదాకా సాక్ష్యం చెడకూడదు కాబట్టి ఫ్రీజర్ చల్లగా ఉండవలెనని ఉత్తర్వు వచ్చింది. నెలాఖరు వచ్చి వెళ్ళింది. కరెంటు పోలేదు. దర్యాప్తు ముగిస్తే మాత్రం ఫ్రీజర్ సంగతి మళ్ళీ మొదటికొస్తుంది. మంజూరు సంగతి మంత్రిగారు ఇంకా తేల్చలేదు.

ఆయన గుర్తుల పనిలో మునిగిపోయి ఉన్నారు. నాణెమంత పసుప్పచ్చ స్టిక్కర్లు అచ్చొత్తించారు. ఎదురుగా అంటిస్తే ఎవడిది వాడు పీక్కుంటాడు కాబట్టి వీపు మీద అంటించాలన్నారు. చెప్పి అంటిస్తే గోల చేస్తారు కాబట్టి, శభాష్ అంటూ వెన్ను తట్టి అంటించాలన్నారు. ఒక్కటి పడితే బదిలీ. ఒకదాని మీద ఒకటి పడితే వరండా చివరి గది. ఆ గదిలోకి వెళ్ళినవాడి కుర్చీ ఒకరికి, బల్ల ఒకరికి, ఫ్యాను ఒకరికి పంచేస్తారు. ఏదీ వృథా పోదు. దీనికి వెన్ను తట్టే పథకం అని పేరు పెట్టారు. అమలు బాధ్యత పీయేకి అప్పగించారు. ఎవరి వెన్ను తట్టాలో ఆయన ఇష్టం.

వారం తిరక్కుండా ఆఫీసు నడకే మారిపోయింది. మనుషులు గోడలకి వీపు ఆనించి పక్కపక్కగా నడవడం మొదలుపెట్టారు. ఎదురెదురుగా ఇద్దరొస్తే ఒకరి వీపు ఒకరు చూసుకుని, చెప్పకుండా తప్పుకునేవారు. బాగా పనిచేసినవాళ్ళు భయంతో చచ్చిపోయేవారు, ఎక్కడ మెచ్చుకుంటారోనని. ఒక గుమాస్తా అయితే లెక్క సరిగ్గా తేల్చేసి, పీయే అటుగా రావడం చూసి, గబగబా తప్పు చేసుకున్నాడు.

బస్‌స్టాపులో ఒకరోజు తర్జుమాకి గేటు వార్డరు కనబడ్డాడు. బుర్రమీసాల మనిషి. వీపు మీద పసుప్పచ్చ చుక్కలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉన్నాయి.

“అయ్యా, మీరు ఇంగ్లీషొచ్చినోరు. నేనేం తప్పు చేశానో చెప్పండి. సంచి ఇచ్చారు, లోపల పెట్టమన్నారు, పెట్టాను.”

“ఇచ్చిందెవరు?”

“మొహం చూసే ధైర్యం మాకెక్కడిదయ్యా? కారు ఆగితే సెల్యూట్ కొట్టి తల దించుకుంటాం. బూట్లు మాత్రం తెల్లవి.”

ఆ పూట తర్జుమాకి ముద్ద దిగలేదు. ప్రోటీన్లు అన్న ఒక్క మాట మింగినందుకు ఇంతమంది మనుషులు ముక్కలవుతున్నారని ఆయనకి తెలుసు. భార్య అడిగితే పళ్ళు నొప్పి అన్నాడు.

చివరికి సమీక్షా సమావేశం వచ్చింది. మంత్రిగారు, పీయే, పెద్ద జైలు సూపరింటెండెంటు, వదినగారు, ఆవిడ పక్కన తర్జుమా బల్ల చుట్టూ కూర్చున్నారు. మూల గోడ వారగా మంత్రిగారి బావమరిది కూర్చుని ఉన్నాడు. జైళ్ళకి సబ్బులు సరఫరా చేసేది ఈయనే. కాలు మీద కాలు వేసుకున్నాడు. తెల్లబూట్లు. తర్జుమా ఆ బూట్లు చూశాడు. చూసి గబుక్కున బల్ల మీదికి చూపు మార్చుకున్నాడు.

“అయితే చిన్నవన్నీ పోయినట్టే కదా, రవాణా ఆగిపోయిందా?” అన్నారు మంత్రిగారు.

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. “ఆగిందండి. వాటి చోట్లో కొత్తవాటిని పెట్టాం. రెండ్రోజులు ఆగింది. తరవాత సంచులు మళ్ళీ కదిలాయి.”

“కదలక ఏం చేస్తాయండీ?” అంది వదినగారు. “మీరు బుల్లివాటిని ఎన్నిసార్లు మార్చినా అంతే. వాటికి సొంత బుద్ధి లేదు. అవి స్విచ్చులు. ఇంకోటి వచ్చి నొక్కితేనే పనిచేస్తాయి. అసలుది వాటి వెనక ఉంటుంది.”

“ఆ వెనకున్నదాన్ని పట్టుకోవచ్చా అమ్మా?” అన్నాడు సూపరింటెండెంటు ఆశగా. అతని ఉద్యోగం ఊగుతోంది.

“దాదాపు దొరికిందండి. ఇన్నాళ్ళ నా కష్టం దాని కోసమే. అది చాలా తెలివైంది. మధ్యలోకి రాదు. ఎప్పుడూ ఓ మూల, గోడని అంటుకుని కూర్చుంటుంది. అది ఎక్కడ కూర్చుంటే బుల్లివి అక్కడ మేలుకుంటాయి.”

బావమరిది కాలు దించాడు. కుర్చీని కాస్త ముందుకి జరుపుకున్నాడు. చాలదనిపించిందేమో, ఇంకా జరుపుకుని గది మధ్యలోకి వచ్చేశాడు.

“ఫోటో తియ్యొచ్చా దాన్ని?” అన్నారు మంత్రిగారు. గొంతు మామూలుగానే ఉంది.

“తీశానండి. మసగ్గా ఉంది. మీరు మంజూరు ఇప్పిస్తే మంచి మైక్రోస్కోపు కొని, మొహం కనబడేలా తీస్తాను. ప్రపంచమంతా చూస్తుంది. మీ పేరు కూడా వేస్తానండి, కింద.”

మంత్రిగారు బల్ల గుద్దలేదు. తర్జుమాకి భయం వేసింది అందుకే.

ఉత్తర్వు మర్నాడే వచ్చింది. వదినగారికి అడిగినవన్నీ ఇచ్చారు. అడగనివి కూడా ఇచ్చారు. కొత్త భవనం, చలవరాతి గచ్చు, ఫ్రీజర్ ఆగితే తిరిగేందుకు జనరేటరు, ఆ జనరేటరు ఆగితే తిరిగేందుకు ఇంకో జనరేటరు. కరెంటు శాశ్వతం. మంత్రిగారు స్వయంగా వచ్చి రిబ్బను కత్తిరించారు. దేశంలోని సెల్లులన్నీ పరిశుభ్రంగా ఉన్నట్టు శాస్త్రీయంగా రుజువైందని విలేకరులతో చెప్పారు. అక్రమ రవాణా సంగతేమిటని ఒక విలేకరి అడిగితే, దాన్ని చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరని జవాబిచ్చారు. అందరూ రాసుకున్నారు.

వెళ్ళేముందు మంత్రిగారు తర్జుమాని దగ్గరికి పిలిచారు. “నీ ఒక్క వాక్యం వల్ల ఇంత జరిగిందయ్యా. శభాష్” అని వెన్ను తట్టారు. పక్కనుంచి పీయే కూడా తట్టాడు. బావమరిది కూడా వచ్చి తట్టిపోయాడు.

కార్లు వెళ్ళిపోయాక కొత్త ప్రయోగశాలలో వదినా మరిదీ మిగిలారు. ఫ్రీజర్ గుర్రుమంటోంది. వదినగారు దాని మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడింది. తరవాత ఉత్తర్వు ఆయన చేతికిచ్చింది.

“ఈ ఇంగ్లీషు నాకు తెలిసిన ఇంగ్లీషులా లేదు. కాస్త తెలుగు చెయ్యండి మరిదిగారూ. ఉన్నదున్నట్టు.”

తర్జుమా చదివాడు. ఈసారి ఒక్క మాట కూడా మింగలేదు.

“పరిశోధన నిరాటంకంగా సాగించవచ్చును. సెల్లు లోపలికి చూచుట మాత్రం ప్రజాప్రయోజనాల దృష్ట్యా ఇందుమూలముగా నిషేధించడమైనది.”

వదినగారు కిటికీ పక్కన బల్ల వైపు చూసింది. కొత్త మైక్రోస్కోపు దాని మీద ఉంది. రెండు కళ్ళ దగ్గరా లక్క పోసి, శాఖ ముద్ర వేశారు.

“మీ మంత్రికి ప్రోటీన్ అంటే ఏమిటో తెలుసాండీ అసలు?” అంది.

“ఆ మాట ఆయన దాకా వెళ్ళలేదు వదినగారూ. నేనే వెళ్ళనివ్వలేదు.”

ఆవిడ మైక్రోస్కోపు మీది లక్కని గోటితో గీకి చూసింది. తిట్టినా బావుండేదనిపించి, ఆయన మొహం చెల్లక తలుపు వైపు తిరిగాడు. అప్పుడు ఆవిడ చూపు ఆయన వీపు మీద పడింది. కళ్ళజోడు సవరించుకుని, దగ్గరికొచ్చి, పాత అలవాటు చొప్పున వంగి చూసింది.

ఆయనకి అర్థమైంది. కదలకుండా నిలబడ్డాడు.

“ఒక్కటేనా వదినగారూ?”

ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

“నాకు చూసే పర్మిషన్ లేదు మరిదిగారూ” అంది ఆవిడ.